కంప్యూటర్ ఆన్ చేస్తే ‘ఫైల్ మిస్సింగ్’ అంటోందా? ఫార్మాట్ కొట్టించే ముందు ఇవి చూసుకోండి

నల్గొండ / మహబూబ్‌నగర్: పొద్దున్నే కంప్యూటర్ ఆన్ చేశారు. ఫ్యాన్ తిరిగింది, లైట్ వెలిగింది, కంపెనీ లోగో కూడా కనిపించింది. అంతే.. నల్ల తెర, దానిమీద రెండు ఇంగ్లిష్ లైన్లు. ఫలానా ఫైల్ మిస్సింగ్, లేదంటే కరప్ట్ అని. ఏ బటన్ నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. నల్గొండ గడియారం సెంటర్‌కు తీసుకెళ్లినా, మహబూబ్‌నగర్ న్యూటౌన్‌కు తీసుకెళ్లినా రిపేర్ షాపుల్లో ముందుగా వినిపించే మాట ఒక్కటే. "విండోస్ పోయిందన్నా, ఫార్మాట్ కొట్టాలె."

ఆ మాటలో సగమే నిజం. పోయినవి విండోస్ సొంత ఫైళ్లు.. ఒకటో, రెండో. మీ ఇంటి పెళ్లి ఫొటోలు, డిగ్రీ చదివే అమ్మాయి ప్రాజెక్ట్ రిపోర్ట్, దుకాణం ట్యాలీ లెక్కలు చాలాసార్లు డిస్కులో ఎక్కడివి అక్కడే ఉంటాయి. తొందరపడి కొట్టే ఫార్మాట్‌తోనే అవి పోతాయి. అందుకే ఏ పని చేసినా వరుస మాత్రం మారకూడదు. ముందు డేటా, ఆ తర్వాతే విండోస్.

అసలు పోయిందేంటి?

పవర్ బటన్ నొక్కగానే ముందు మదర్‌బోర్డులోని చిప్ లేస్తుంది. పాత కంప్యూటర్లలో దాన్ని బయోస్ అంటారు, కొత్త వాటిలో యూఈఎఫ్ఐ. అది డిస్కులో ఓ చిన్న భాగాన్ని వెతికి బూట్ మేనేజర్ అనే ప్రోగ్రామ్‌ను లేపుతుంది. బూట్ మేనేజర్ దగ్గర బీసీడీ అనే చిట్టా ఉంటుంది. విండోస్ ఏ డిస్కులో, ఏ ఫోల్డర్‌లో ఉందో అందులో రాసి ఉంటుంది. ఆ చిట్టా చూసి విన్‌లోడ్ అనే ఫైల్‌ను పిలుస్తుంది. విన్‌లోడ్ వచ్చి కెర్నల్‌ను, డ్రైవర్లను, రిజిస్ట్రీని మెమరీలోకి ఎక్కిస్తుంది. మనకు డెస్క్‌టాప్ కనిపించేది ఇదంతా అయ్యాకే.

బస్టాండ్‌లో బస్సు ఉంది. డీజిల్ ఉంది, డ్రైవర్ ఉన్నాడు, డిక్కీలో మీ సామాను ఉంది. ఏ రూటుకు పోవాలో చెప్పే చార్టు మాత్రం దొరకలేదు. బస్సు ప్లాట్‌ఫాం మీదే ఆగిపోతుంది. సామాను మాత్రం ఎక్కడికీ పోలేదు. సిస్టమ్ ఫైల్ మిస్ అవడమంటే దాదాపు ఇంతే.

ముందు ఆ మెసేజ్‌ను ఫొటో తీయండి

తెర మీద ఉన్న రెండు లైన్లను ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. షాపతనికి చూపించడానికైనా, ఇంకొకరిని అడగడానికైనా అదే ఆధారం. ‘ఏదో ఇంగ్లిష్‌లో వచ్చింది’ అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు.

ఎన్‌టీఎల్‌డీఆర్ మిస్సింగ్ అని, హాల్ డాట్ డీఎల్ఎల్ మిస్సింగ్ అని వస్తే అది ఎక్స్‌పీ కాలం నాటి మెషీన్. ఇప్పటికీ ప్రింటింగ్ ప్రెస్సుల్లో, ధర్మకాంటాల దగ్గర అలాంటివి నడుస్తుంటాయి. బూట్ ఎంజీఆర్ మిస్సింగ్ అని వస్తే విండోస్ 7, ఆ తర్వాతి రకాలు కావచ్చు. విండోస్ 10, 11లో నీలం తెర మీద కోడ్ నంబర్ వస్తుంది. 0ఎక్స్‌సీ000000ఎఫ్ అని ఉంటే ఎక్కువగా బీసీడీ చిట్టా దగ్గరే తేడా. 0ఎక్స్‌సీ0000225 అని ఉంటే చిట్టా గానీ, కావాల్సిన సిస్టమ్ ఫైల్ గానీ దొరకలేదని అర్థం.

‘నో బూటబుల్ డివైస్’ అని వస్తే మాత్రం సంగతి వేరే. అక్కడ ఫైల్ మాట అటుంచి, బూట్ చేయడానికి పనికొచ్చే డిస్కే కంప్యూటర్‌కు కనిపించలేదు. ఆన్ చేసిన వెంటనే ఎఫ్2 గానీ డిలీట్ బటన్ గానీ వరుసగా నొక్కితే బయోస్ తెర తెరుచుకుంటుంది (ఏ బటన్ అనేది కంపెనీని బట్టి మారుతుంది). అందులో మీ హార్డ్‌డిస్క్ పేరు ఉందో లేదో చూడండి. పేరే లేకపోతే కేబుల్ వదులై ఉండాలి, లేదా డిస్క్ చచ్చిపోయి ఉండాలి. అప్పుడు విండోస్ రిపేర్ ఎంత చేసినా దండగ.

పైసా ఖర్చు లేని చెకింగ్‌లు

నవ్వుకోకండి గానీ, మొదట చూడాల్సింది పెన్‌డ్రైవ్. రాత్రి ఫొటోలు కాపీ చేసి అలాగే వదిలేసి ఉంటారు. పొద్దున కంప్యూటర్ ముందు పెన్‌డ్రైవ్‌లో విండోస్‌ను వెతుకుతుంది, దొరకదు, మిస్సింగ్ అంటుంది. పెన్‌డ్రైవ్, మెమరీ కార్డ్, ఎక్స్‌టర్నల్ డిస్క్ అన్నీ పీకేసి మళ్లీ ఆన్ చేయండి. చాలా కేసులు ఇక్కడే తేలిపోతాయి.

పాత డెస్క్‌టాప్ అయితే బయోస్‌లో తేదీ చూడండి. ఎన్నో ఏళ్ల వెనక్కి పోయి ఉంటే మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా ఉండే సీఆర్ 2032 బ్యాటరీ అయిపోయినట్టే. అది పోతే బయోస్ సెట్టింగులన్నీ మొదటికొస్తాయి. ఏ డిస్క్ నుంచి ముందు బూట్ కావాలి, యూఈఎఫ్ఐనా లెగసీనా అనేవి మారిపోతాయి. విండోస్ నిక్షేపంగా ఉన్నా కనిపించదు. గోడ గడియారాలు బాగుచేసే చోట కూడా దొరికే బ్యాటరీ అది. దానికి పోయి ఫార్మాట్ కొట్టించుకున్న వాళ్లూ ఉంటారు.

మన దగ్గర ఇది ఎందుకు ఎక్కువ?

నల్గొండ, పాలమూరు పల్లెల్లో సేద్యం చాలావరకు బోర్ల మీదే. మోటార్లన్నీ ఒక్కసారి ఆన్ అయితే వోల్టేజీ పడిపోవడం, ఎండాకాలం గాలిదుమారం లేస్తే కరెంటు పోవడం అందరికీ తెలిసిందే. బల్బుకు అది పెద్ద లెక్క కాదు. కానీ విండోస్ అప్‌డేట్ సగంలో ఉండగా కరెంటు పోతే, పాత ఫైల్ తీసేసి కొత్త ఫైల్ పూర్తిగా రాయకముందే పని ఆగిపోవచ్చు. తెల్లారి ఆన్ చేస్తే ఆ ఫైల్ మిస్సింగ్.

ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది కదా అనుకోవద్దు. మూడు నాలుగేళ్లు వాడాక బ్యాటరీ పూర్తిగా దిగిపోయి, ఛార్జర్ పెడితేనే నడిచే ల్యాప్‌టాప్‌లు ఊరూరా ఉన్నాయి. అవి డెస్క్‌టాప్‌తో సమానం. బ్యాటరీలు ఎండిపోయి టేబుల్ కింద పేరుకే ఉన్న యూపీఎస్‌లదీ ఇదే కథ.

కరెంటు ఒక్కటే కారణం కాదు. హార్డ్‌డిస్క్ పాతబడి బ్యాడ్ సెక్టార్లు రావడం, సి డ్రైవ్ నిండిందని తెలియక విండోస్ ఫోల్డర్‌లోంచి ఏవో డిలీట్ చేయడం, దొంగ విండోస్ కోసం వేసిన యాక్టివేటర్‌లు సిస్టమ్ ఫైళ్లను మార్చేయడం, ఆ మార్చిన ఫైల్‌ను యాంటీవైరస్ పట్టుకుని పక్కన పడేయడం.. ఇవన్నీ ఉన్నాయి.

శంషాబాద్‌లో చేత్తో రాసిన బోర్డింగ్ పాస్‌లు

ఒక్క ఫైల్ ఎంత పని చేస్తుందో 2024 జూలై 19న ప్రపంచమంతా చూసింది. ఆ రోజు శుక్రవారం. మన టైం ప్రకారం ఉదయం 9.39కి క్రౌడ్‌స్ట్రైక్ అనే సైబర్ సెక్యూరిటీ కంపెనీ తన సాఫ్ట్‌వేర్‌కు ఓ చిన్న అప్‌డేట్ పంపింది. అందులో తప్పు ఉంది. అది చేరిన విండోస్ కంప్యూటర్లు నీలం తెర వేసి, రీస్టార్ట్ అయి, మళ్లీ నీలం తెరే వేశాయి. దాదాపు 85 లక్షల కంప్యూటర్లు దెబ్బతిన్నాయని మైక్రోసాఫ్ట్ లెక్క చెప్పింది. మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాద్ వచ్చే దారిలోనే ఉన్న శంషాబాద్ ఎయిర్‌పోర్టులోనూ కౌంటర్లు ఆగిపోయాయి. ప్రయాణికులకు బోర్డింగ్ పాస్‌లు పెన్నుతో రాసిచ్చారు. ఆ ఫొటోలు సోషల్ మీడియాలో తెగ తిరిగాయి.

క్రౌడ్‌స్ట్రైక్ 78 నిమిషాల్లోనే ఆ అప్‌డేట్‌ను వెనక్కి తీసుకుంది. అప్పటికే పడిపోయిన మెషీన్లకు మాత్రం అది ఉపయోగపడలేదు. ఆన్ అయితే కదా ఇంటర్నెట్ నుంచి కొత్త ఫైల్ తెచ్చుకునేది! చాలాచోట్ల ఒక్కో కంప్యూటర్ దగ్గరికి మనిషి వెళ్లి, సేఫ్ మోడ్‌లోకో రికవరీ తెరలోకో పోయి, డ్రైవర్స్ ఫోల్డర్ లోపల 291 నంబర్ ఉన్న ఆ ఒక్క ఫైల్‌ను డిలీట్ చేసి రీస్టార్ట్ చేయాల్సి వచ్చింది.

అక్కడ ఫైల్ మిస్ కాలేదు, చెడ్డ ఫైల్ వచ్చి కూర్చుంది. అయినా మనకు కావాల్సిన విషయం అందులో ఉంది. ఆ మెషీన్లను లేపడానికి ఫార్మాట్ అక్కర్లేకపోయింది, రికవరీ తెర చాలింది. ఆ తెర మీ ఇంటి కంప్యూటర్‌లోనూ ఉంది.

రికవరీ తెర ఎలా తెరవాలి?

విండోస్ 10, 11 అయితే ఆన్ చేసి, లోగో కింద చుక్కలు తిరుగుతుండగా పవర్ బటన్‌ను గట్టిగా నొక్కి పట్టుకుని ఆఫ్ చేయండి. ఇలా రెండు మూడు సార్లు చేస్తే ఆటోమేటిక్ రిపేర్ అంటూ కంప్యూటరే రికవరీలోకి వెళ్తుంది. డిస్క్ నుంచి టక్ టక్ మని శబ్దం వస్తుంటే మాత్రం ఈ పని అస్సలు చేయొద్దు. వెంటనే ఆఫ్ చేసి డేటా రికవరీ తెలిసిన వాళ్లకు చూపించండి. అలాంటి డిస్క్‌కు ప్రతి ఆన్, ఆఫ్ ఒక గండమే.

బూట్ మేనేజరే పోయి ఉంటే రికవరీ తెర రాదు. అప్పుడు ఇంకో కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్ దించుకుని, కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్‌తో బూటబుల్ డ్రైవ్ తయారు చేయాలి. ఆ పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది, కాబట్టి ఖాళీదే వాడండి. దాంతో బూట్ చేశాక ‘ఇన్‌స్టాల్’ మీద నొక్కకుండా, ‘రిపేర్ యువర్ కంప్యూటర్’ అనే దాన్ని ఎంచుకోవాలి. కొత్త పెన్‌డ్రైవ్‌లలో అది ‘రిపేర్ మై పీసీ’ అని కనిపించవచ్చు.

48 అంకెలు అడిగితే..

చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో మీరు చెప్పకపోయినా డిస్క్‌కు తాళం పడి ఉంటుంది. దాని పేరు బిట్‌లాకర్. రికవరీలోకి వెళ్లగానే 48 అంకెల కీ అడుగుతుంది. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయి వాడుతున్న వాళ్లకు ఆ కీ సాధారణంగా అదే అకౌంట్‌లో దాచి ఉంటుంది. ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీ తెరిచి, డివైసెస్‌లోకి వెళ్లి చూసుకోవచ్చు. తెర మీద కనిపించే కీ ఐడీ, అకౌంట్‌లో ఉన్న కీ ఐడీ ఒకటేనా అని సరిచూసుకోండి. ల్యాప్‌టాప్ కొన్నప్పుడు షాపతను తన మెయిల్ ఐడీతో సెటప్ చేసి ఇచ్చి ఉంటే కీ ఆ మెయిల్‌లోనే ఉంటుంది, అతన్నే అడగాలి. ఆఫీసు కంప్యూటర్ అయితే అక్కడి ఐటీ వాళ్ల దగ్గర ఉంటుంది.

కీ దొరక్కపోతే ఆ డిస్కులోని డేటాను మైక్రోసాఫ్ట్ కూడా తెరవలేదు. ‘నేను తెరిపిస్తా’ అని ఎవరైనా డబ్బులు అడిగితే నమ్మొద్దు.

నోట్‌ప్యాడ్‌తో డేటా బయటికి

ఇది చాలామందికి తెలియని చిట్కా. రికవరీ తెరలో ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, కమాండ్ ప్రాంప్ట్ వరకు వెళ్లండి. నల్ల పెట్టె తెరుచుకుంటుంది. అందులో నోట్‌ప్యాడ్ అని ఇంగ్లిష్‌లో కొట్టి ఎంటర్ నొక్కండి. మామూలు నోట్‌ప్యాడే వస్తుంది. అందులో ఫైల్, ఓపెన్ నొక్కి, కింద ‘ఆల్ ఫైల్స్’ పెట్టుకుంటే మీ డ్రైవ్‌లన్నీ కనిపిస్తాయి. యూజర్స్ ఫోల్డర్‌లో మీ పేరు మీద డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ అన్నీ ఉంటాయి. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి కాపీ కొట్టి, ఎక్స్‌టర్నల్ డిస్కులో పేస్ట్ చేయడమే. కాపీ ఎంతవరకు వచ్చిందో గీత కనిపించదు, తెర కదలనట్టు ఉంటుంది. కంగారు పడకుండా ఆగండి. ఒకేసారి అంతా కాకుండా ఫోల్డర్ తర్వాత ఫోల్డర్ కాపీ చేసుకోండి.

డ్రైవ్ అక్షరాలు ఇక్కడ తారుమారు కావచ్చు. మీ సి డ్రైవ్ ఇక్కడ డి అని కనిపించవచ్చు. విండోస్ ఫోల్డర్ ఏ అక్షరంలో ఉందో రాసి పెట్టుకోండి, ముందు పనికొస్తుంది.

ట్యాలీ వాడేవాళ్లు ట్యాలీ డేటా ఫోల్డర్ ఎక్కడ ఉందో చూసి అది తప్పకుండా తీసుకోవాలి, అది డాక్యుమెంట్స్‌లోనే ఉంటుందన్న గ్యారంటీ లేదు. డీటీపీ సెంటర్ల వాళ్లు పేజ్‌మేకర్ ఫైళ్లతో పాటు ఫాంట్లు కూడా తీసుకోవాలి. పాత పెళ్లి పత్రిక ఫైల్ ఉండి, దాని అను ఫాంట్ లేకపోతే తెర మీద వచ్చేది తెలుగు కాదు, పిచ్చి గీతలు.

ఇక రిపేర్

డేటా చేతికొచ్చాక భయం లేదు. ముందు అదే తెరలోని స్టార్టప్ రిపేర్ నొక్కి చూడండి. కుదరకపోతే, నిన్నమొన్న అప్‌డేట్ అయ్యాకే సమస్య మొదలైందని గుర్తుంటే అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్. అదీ కాకపోతే సిస్టమ్ రిస్టోర్, కంప్యూటర్ బాగున్న రోజు నాటి సెట్టింగులకు తీసుకెళ్తుంది. మీ ఫొటోలను ముట్టుకోదు. కానీ రిస్టోర్ పాయింట్ ముందే ఉండి ఉండాలి.

ఇవేవీ పనిచేయకపోతే మళ్లీ కమాండ్ ప్రాంప్ట్. పోయిన సిస్టమ్ ఫైళ్లను వెతికి తిరిగి పెట్టే కమాండ్ ఎస్ఎఫ్‌సీ. విండోస్ ఆన్ కాని స్థితిలో దానికి విండోస్ ఎక్కడుందో కూడా చెప్పాలి. అంటే ‘ఎస్ఎఫ్‌సీ /స్కాన్‌నౌ /ఆఫ్‌బూట్‌డిర్=సి:\ /ఆఫ్‌విన్‌డిర్=సి:\విండోస్’ అని. ఇందాక రాసి పెట్టుకున్న అక్షరం సి కాకపోతే సి బదులు అది కొట్టాలి. అన్నీ ఇంగ్లిష్ అక్షరాల్లోనే, ప్రతి స్లాష్ ముందు ఒక స్పేస్.

బూట్ చిట్టానే పోయిన కేసుల్లో, పాత బయోస్ మెషీన్లకు బూట్‌రెక్ అనే కమాండ్ ఉంది. ‘బూట్‌రెక్ /ఫిక్స్‌ఎంబీఆర్’, ‘బూట్‌రెక్ /ఫిక్స్‌బూట్’, ‘బూట్‌రెక్ /రీబిల్డ్‌బీసీడీ’ వరుసగా కొడితే చాలావరకు లేస్తుంది. కొత్త యూఈఎఫ్ఐ ల్యాప్‌టాప్‌లలో ఫిక్స్‌బూట్ కొట్టగానే ‘యాక్సెస్ ఈజ్ డినైడ్’ అని రావడం మామూలే. అక్కడ ఆగిపోవద్దు. డిస్క్‌పార్ట్ తెరిచి, ‘లిస్ట్ వాల్యూమ్’ కొట్టి, ఫ్యాట్32 అని ఉన్న వంద, రెండొందల ఎంబీల చిన్న భాగాన్ని గుర్తించి, ‘సెలెక్ట్ వాల్యూమ్’తో దాని నంబర్ ఎంచుకుని, ‘అసైన్ లెటర్=ఎస్’ అని దానికి ఒక అక్షరం ఇవ్వాలి. తర్వాత ‘ఎగ్జిట్’తో బయటికొచ్చి ‘బీసీడీబూట్ సి:\విండోస్ /ఎస్ ఎస్: /ఎఫ్ యూఈఎఫ్ఐ’ కొడితే బూట్ ఫైళ్లు కొత్తగా తయారవుతాయి. డిస్క్‌పార్ట్‌లో ‘క్లీన్’ అనే మాట పొరపాటున కూడా కొట్టొద్దు. ఆర్ యూ ష్యూర్ అని కూడా అడగదు, డిస్క్ మొత్తం ఖాళీ అయినట్టు చూపిస్తుంది. చేయి తిరగని వాళ్లు ఈ భాగం తెలిసినవాళ్ల చేత చేయించుకోవడమే మేలు.

ఈ వీడియోలు చూసి మోసపోవద్దు

ఫోన్‌లో ‘మిస్సింగ్ ఫైల్ ఫిక్స్’ అని వెతికితే వందల వీడియోలు వస్తాయి. కొన్ని బాగుంటాయి. కానీ రెండు రకాల వీడియోలతో జాగ్రత్త. మొదటిది, రెగ్‌బ్యాక్ ఫోల్డర్‌లోని ఫైళ్లను కాన్ఫిగ్ ఫోల్డర్‌లోకి కాపీ చేయమని చెప్పే పాత వీడియోలు. ఒకప్పుడు అది నిజంగానే పనిచేసేది. విండోస్ 10లో 1803 వెర్షన్ నుంచి ఆ బ్యాకప్ తీయడం మైక్రోసాఫ్ట్ ఆపేసింది. ఇప్పుడు అక్కడ ఫైళ్లు ఉన్నా సైజు సున్నా ఉంటుంది. వాటిని తెచ్చి పెడితే ఉన్న రిజిస్ట్రీ కూడా పోతుంది. సైజు చూడకుండా కాపీ కొట్టొద్దు.

రెండోది, పోయిన డీఎల్ఎల్ ఫైల్‌ను ఏదో సైట్ నుంచి దించుకోమనేవి. విండోస్ ఫైల్ దొరకాల్సింది విండోస్ దగ్గరే. ముక్కూముఖం తెలియని సైట్ నుంచి తెచ్చిన ఫైల్‌తో వైరస్ కూడా రావచ్చు.

ఇంకోటి. ఎర్రర్ తెర మీద ‘ఈ నంబర్‌కు ఫోన్ చేయండి’ అని ఫోన్ నంబర్ కనిపిస్తే అది మోసం. మైక్రోసాఫ్ట్ తన ఎర్రర్ మెసేజ్‌లలో ఫోన్ నంబర్ ఇవ్వదు. ఇప్పటికే డబ్బులు పంపి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయండి.

షాపుకే ఇవ్వాల్సి వస్తే

అన్నీ మనమే చేసుకోలేం. షాపుకు ఇచ్చేటప్పుడు ‘డేటా కావాలి, ముందు బ్యాకప్ తీసి నాకు చూపించాకే ఫార్మాట్’ అని నోటితో చెప్పడమే కాదు, రసీదు మీద రాయించుకోండి. ‘సి డ్రైవ్ ఒక్కటే కొడతా, డి, ఈ అట్లనే ఉంటయి’ అంటారు. నిజమే, కానీ చాలామంది ఫొటోలు, ఫైళ్లు ఉండేది డెస్క్‌టాప్ మీద. డెస్క్‌టాప్ అంటే సి డ్రైవే.

డేటా మరీ విలువైనదైతే ఇంకో దారి ఉంది. కొత్త ఎస్ఎస్‌డీ ఒకటి కొని విండోస్ దాంట్లో వేయించండి. పాత డిస్క్‌ను ముట్టుకోకుండా పక్కన పెట్టించండి. తర్వాత తీరిగ్గా దాన్ని ఎక్స్‌టర్నల్ డిస్క్‌లా తగిలించి ఫైళ్లు తీసుకోవచ్చు. పాత హార్డ్‌డిస్క్ మెషీన్ అయితే స్పీడ్ కూడా పెరుగుతుంది. ఫార్మాట్‌కు, యాంటీవైరస్‌కు పెట్టే ఖర్చుకు ఇంకొంత కలుపుకుంటే అయిపోయే పని ఇది. మా మాట అడిగితే చాలా కేసుల్లో ఇదే మంచి దారి.

కంప్యూటర్‌లోని రీసెట్ ఆప్షన్‌లో ‘కీప్ మై ఫైల్స్’ అని ఉంటుంది. ఫైళ్లు ఉంచుతుంది గానీ వేసుకున్న ప్రోగ్రాములన్నీ తీసేస్తుంది. ప్రింటర్, వేలిముద్ర మెషీన్ లాంటి వాటికి డ్రైవర్లు కూడా మళ్లీ వేసుకోవాల్సి రావచ్చు. సర్వీస్ సెంటర్లు నడిపేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. లేకపోతే కంప్యూటర్ లేచినా కౌంటర్ మాత్రం మరో పూట మూతే.

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఎలాగూ కొత్తగా వేయిస్తున్నారు కాబట్టి మీ మెషీన్‌లో టీపీఎం 2.0 ఉందా, విండోస్ 11 పడుతుందా అని షాపులో అడిగి తెలుసుకోండి. పడితే అదే వేయించుకోండి.

కంప్యూటర్ లేచిన రోజు

డెస్క్‌టాప్ కనిపించగానే పనిలో పడిపోకండి. స్టార్ట్ మెనూలో సీఎండీ అని వెతికి, రైట్ క్లిక్ చేసి అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. నెట్ కనెక్ట్ చేసి ‘డిజమ్ /ఆన్‌లైన్ /క్లీనప్-ఇమేజ్ /రిస్టోర్‌హెల్త్’ కొట్టండి. అది పూర్తయ్యాక ‘ఎస్ఎఫ్‌సీ /స్కాన్‌నౌ’. మిగిలిన పాడైన ఫైళ్లు ఏవైనా ఉంటే సరవుతాయి. ఇవి నడిచేటప్పుడు కరెంటు పోకుండా చూసుకోండి. యూపీఎస్ లేకపోతే మోటార్లు నడవని టైంలో పెట్టుకోండి. వారం తిరగకుండానే అదే మెసేజ్ మళ్లీ వస్తే డిస్కే పాడవుతున్నట్టు అనుమానించాలి. అప్పుడు విండోస్ మళ్లీ మళ్లీ వేయించడం ఆపి డిస్క్ మార్పించండి. బిట్‌లాకర్ కీ ఉంటే 48 అంకెలూ ఓ కాగితం మీద రాసి, పాస్‌బుక్‌లు పెట్టే చోటే పెట్టండి.